సెలెస్ట్‌లో ఇరుక్కున్న తమ్ముడికి: రెండు గదులు ముందున్నవాణ్ణి అడుగు

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెలెస్ట్ అనే కొండెక్కే వీడియో గేమ్‌లో ఏడో అధ్యాయం, ద సమ్మిట్, 1,500 మీటర్ల జెండా దాటాక ఒక గదిలో (ఆటలో ఒక్కో ముక్కని గది అంటాం) మూడు వారాలుగా చస్తున్నావు. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశావు. నాలుగింట్లోనూ ఆ గది మూడు సెకన్లలో అయిపోతోంది, నీకేమో ఏం జరిగిందో కూడా అందట్లేదు. హాస్టల్లో బాగా ఆడే సీనియర్‌ని అడిగితే "ఇందులో ఏముందిరా, చేతికి అలవాటవ్వాలి" అన్నాడు. ఇక అసిస్ట్ మోడ్ (ఆటని తేలిక చేసుకునే సెట్టింగు) పెట్టేసుకుందామా, పెడితే మోసం చేసినట్టా అని చివర్లో అడిగావు.

అసిస్ట్ మోడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ సీనియర్ సంగతి. అతను నిన్ను వదిలించుకోడానికి ఆ మాట అనలేదు. అతనికి నిజంగానే తెలీదు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాణ్ణి "క్లచ్ ఎంత వదలాలి?" అని అడిగి చూడు, "వదిలితే తెలుస్తుంది" అంటాడు. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడైతే, "సగం వదిలాక బండి కొంచెం వణుకుతుంది, అక్కడ ఆగు" అంటాడు. ఆ వణుకు వాడికింకా గుర్తుంది. గేముల్లోనూ అంతే. నీకు కావాల్సింది ఆట మొత్తం మింగేసినవాడు కాదు, నీకంటే రెండు గదులు ముందున్నవాడు. పోయినవారం నువ్విప్పుడు చస్తున్న చోటే చచ్చి, ఎలాగోలా బయటపడ్డవాడు.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. 2018 జనవరిలో సెలెస్ట్ వచ్చింది, నేను మరుసటేడు మొదలుపెట్టాను. ఆరు అధ్యాయాలు పడుతూ లేస్తూ దాటేసి, నీలాగే సమ్మిట్‌లో కూలబడ్డాను. నాదీ అలాంటి గదే. గోడ పట్టుకుని, వదిలి దూకి, ముళ్ల సందులోంచి పైకెళ్లి, అక్కడ వేలాడే పచ్చ స్ఫటికాన్ని తాకాలి. తాకితే డాష్‌లు, అంటే గాల్లో రివ్వున దూసుకుపోయే అవకాశాలు, తిరిగి నిండుతాయి, అక్కణ్ణుంచి మిగతాది తేలిక. నేను ప్రతిసారీ స్ఫటికానికి బెత్తెడు దూరంలో జారిపోయేవాణ్ణి. ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, గోల్డెన్ స్ట్రాబెర్రీలు తెచ్చిన మనిషి. అంటే ఒక్కసారి కూడా చావకుండా అధ్యాయం మొత్తం పూర్తిచేస్తే వచ్చేవి. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా లాప్‌టాప్ తీసుకుని మొదటి ప్రయత్నంలోనే దాటి చూపించాడు. "చూశారా, ఇంతే" అన్నాడు. చూశాను. ఏమీ అర్థం కాలేదు. కూర చల్లారిపోయింది.

ఆ రాత్రి విశాఖలో ఉండే స్నేహితుడితో కాల్‌లో ఉండి స్క్రీన్ షేర్ పెట్టాను. ఆటలో వాడు నాకంటే గొప్పేం కాదు, ఆ ముందు ఆదివారమే ఆ గది దాటాడంతే. నేను ఓ పదిహేనుసార్లు చచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "నువ్వు దాని జుట్టు చూస్తున్నావా?"

నేను చూడట్లేదు. నా కళ్లు ముళ్ల మీదే ఉన్నాయి. నీకూ తెలిసే ఉంటుంది, ఏడో అధ్యాయంలో మడెలీన్‌కి, అంటే మనం ఆడించే అమ్మాయికి, రెండు డాష్‌లు ఉంటాయి. రెండూ మిగిలి ఉంటే జుట్టు గులాబీ రంగు, ఒకటి మిగిలితే ఎరుపు, ఏమీ మిగలకపోతే నీలం. "స్ఫటికం కింద నువ్వు గాల్లో ఉన్నప్పుడు జుట్టు నీలంగా ఉంటోంది. నాకు అక్కడ ఎర్రగా ఉండేది. నువ్వెక్కడో ఒక డాష్ పారేసుకుంటున్నావ్" అన్నాడు. మళ్లీ ఆడుతూ ఈసారి జుట్టు మీదే కన్నేశాను. గోడ వదిలీ వదలగానే నా బొటనవేలు కంగారుగా ఒక డాష్ కొట్టేస్తోంది. దాని అవసరమే లేదు, ఒట్టి దూకడం చాలు. మూడు రోజులుగా ఆ వేలు అలా చేస్తోందని నాకే తెలీదు. ఆ ఒక్కటీ ఆపాక ఇరవై ప్రయత్నాల్లోపే గది దాటాను.

వాడు నాకు దారి చెప్పలేదు, దారి నాకు ముందే తెలుసు. నా చెయ్యి ఏం చేస్తోందో చెప్పాడు. వీడియోలో సరైన ఆట కనిపిస్తుంది కానీ నీ తప్పు కనిపించదు. నీ తప్పు కనిపించాలంటే ఇంకో మనిషి కళ్లు కావాలి.

అందుకే అడిగే పద్ధతి మార్చు. "1,500 మీటర్ల దగ్గర ఇరుక్కున్నా, ఎలా?" అని రాస్తే నీకు వచ్చే జవాబులన్నీ దారి గురించే ఉంటాయి. నువ్వు పెట్టాల్సింది నీ చావుల క్లిప్. ఒకే గదిలో వరసగా పది ప్రయత్నాలు, కత్తిరించకుండా. సెలెస్ట్‌లో చచ్చిన సెకనులోపే మళ్లీ లేచి నిలబడతావు కాబట్టి పది చావులకి నిమిషం, నిమిషంన్నర చాలు. బాగా వచ్చిన ప్రయత్నం ఒక్కటే ఏరి పెట్టకు. అందరూ చేసే పనే అది, పరువు కోసం. కానీ పదింట్లో ఏడుసార్లు ఒకేచోట పడుతున్నావా, పదిసార్లూ పదిచోట్ల పడుతున్నావా అన్నదే చూసేవాడికి అసలైన ఆధారం. ఒకేచోట పడితే నీ ఆలోచనలో తప్పుంది. పదిచోట్ల పడితే నీ ఆలోచన సరైనదే, చెయ్యి ఇంకా కుదురుకోలేదు. ఈ రెంటికీ మందు వేరు. మొదటిదానికి మనిషి కావాలి, రెండోదానికి నిద్ర కావాలి. నేను వెటకారానికి అనట్లేదు. రాత్రి ఒంటిగంటకి రాని గది పొద్దున్నే కాఫీ తాగుతూ రెండోసారికే దాటిన సందర్భాలు నాకే అరడజను ఉన్నాయి.

వీలైతే స్క్రీన్ రికార్డింగ్‌తో పాటు ఫోన్‌తో నీ చేతులు కూడా తియ్యి, చప్పుడుతో సహా. ఎందుకో చెప్తాను. మా గుంపులో వరంగల్ కుర్రాడు ఒకడు ఉన్నాడు. ఐమూలగా పైకి కొట్టే డాష్ వాడికి సగంసార్లు పడేది కాదు. "నా వేళ్లే మొద్దు" అని రెండు నెలలు తనని తనే తిట్టుకున్నాడు. ఒకరోజు ఫోన్‌తో తీసిన వీడియో పంపాడు. అందులో కీ నొక్కిన చప్పుడు టక్కుమని స్పష్టంగా వినిపిస్తోంది, తెరమీద మడెలీన్ మాత్రం డాష్ కొట్టకుండా అలాగే కింద పడిపోతోంది. తప్పు వేలిది కాదు, కీబోర్డుది. చవక కీబోర్డుల్లో కీలన్నీ అడ్డం నిలువు తీగల గళ్లలో కలిపేసి ఉంటాయి. కొన్ని జతలు కలిపి పట్టుకుంటే మూడో కీ నొక్కినా కంప్యూటర్‌కి చేరదు. రెండు బాణాలు పట్టుకుని డాష్ కొట్టడమంటే మూడు కీలు ఒకేసారి, సరిగ్గా అక్కడే దెబ్బ.

నీదీ లాప్‌టాప్ కీబోర్డే అన్నావు కాబట్టి ఇవాళే పరీక్ష చేసుకో. ముళ్లు లేని గదిలో నిలబడి, కుడి బాణం, పై బాణం కలిపి పట్టుకుని ఎక్స్ కొట్టు. పదికి పదిసార్లూ ఐమూలగా పోవాలి. తర్వాత ఎడమ, పై. తర్వాత జెడ్ కీతో గోడ పట్టుకుని ఉండగా అవే. ఒక్క జతలో తప్పినా కీలు మార్చుకో, సెట్టింగుల్లో ఏ పనికి ఏ కీ కావాలంటే అది పెట్టుకోవచ్చు. డాష్‌ని వేరే వరసలోని కీకి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. వరంగల్ కుర్రాడు పాత కంట్రోలర్ ఒకటి కొనుక్కున్నాడు, ఆ వారమే సమ్మిట్ ఎక్కేశాడు. ఇంకో చిన్న మాట: బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడకు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తెలీకుండానే చెయ్యి దానికి తగ్గట్టు ఆలస్యమవుతుంది. టీవీకి కలిపి ఆడితే టీవీలో గేమ్ మోడ్ పెట్టు.

సాయం అడగాలంటే కాస్త భాష కూడా రావాలి. ఆటగాళ్లు వాడే పేర్లు వింటే మొదట గొప్పలకి వాడుతున్నారేమో అనిపిస్తుంది, నాకూ అలాగే ఉండేది. కానీ పేరు లేని పనిని ఫోన్లో చెప్పడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది. "నేలమీద ఉండగా కిందకి ఐమూలగా డాష్ కొట్టి, అది అయ్యేలోపు దూకితే కిందకి వంగి రివ్వున పోతుంది" అని చెప్పేబదులు "హైపర్" అంటే అయిపోతుంది. అదే పని కొంచెం గాల్లోంచి మొదలుపెట్టి నేల తగలగానే దూకితే వేవ్‌డాష్. ఇవి సమ్మిట్‌కి అవసరం లేదు, 2019లో ఉచితంగా వచ్చిన ఫేర్‌వెల్ అధ్యాయానికి చేరాక కావాలి. అక్కడ వేవ్‌డాష్‌ని ఆటే నీకు నేర్పుతుంది, ఎలా నేర్పుతుందో చెప్పను, చూసి నువ్వే నవ్వుకో.

నీకు ఇప్పుడే పనికొచ్చే పేరు కొయోటీ టైమ్. కార్టూన్లో ఆ నక్కలాంటిది కొండ అంచు దాటి కూడా రెండడుగులు గాల్లో పరిగెడుతుంది చూడు, దాని పేరే. సెలెస్ట్‌లో అంచు దాటిపోయాక కూడా కొన్ని ఫ్రేములపాటు, అంటే సెకనులో పదో వంతుకంటే తక్కువసేపు, దూకడానికి నీకు అవకాశం ఉంటుంది. అలాగే నేల తగలకముందే జంప్ నొక్కేస్తే ఆ నొక్కుడుని ఆట కాసేపు దాచి, కాలు ఆనగానే దూకిస్తుంది. పైకి పోతుంటే తల మూల అంచుకి తగిలినా కొంచెం పక్కకి జరిపి పోనిస్తుంది. ఆట తయారుచేసిన మ్యాడీ థోర్సన్ వీటి గురించి తనే విడమరిచి రాసింది. ఈ ఆట నీ మీద పగబట్టినట్టు కనిపిస్తుంది కానీ లోపల చాలా చోట్ల నీ పక్షానే ఉంటుంది. ఇది తెలిస్తే ఏం లాభమంటే, అంచు దగ్గర ముందే కంగారుపడి దూకడం మానేస్తావు. నీ మాటల్ని బట్టి చూస్తే ("అంచు మీంచి దూకితే అవతలి గోడ అందట్లేదు" అన్నావు) నువ్వు అంచుకి అడుగు ముందే దూకేస్తున్నావని నా అనుమానం. క్లిప్ చూస్తేగానీ ఖాయంగా చెప్పలేను.

ఇలా ఒకరి చేతిని ఒకరు చూడటం కొత్తేం కాదులే. మాది తెనాలి. తొంభైల్లో మా ఇంట్లో పసుపుపచ్చ క్యాసెట్లు వేసుకునే టీవీ గేమ్ ఉండేది. పని చెయ్యకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. మారియోలో సేవ్ అనేది లేదు. లైఫులు అయిపోతే మళ్లీ మొదటినుంచీ. ఒక వేసవంతా రోజూ 1-1 (మొదటి ప్రపంచం, మొదటి లెవెల్) నుంచి మొదలుపెట్టి నాలుగో ప్రపంచం దాకా వెళ్లి, 4-4 కోటలో దారి తప్పి, తిరిగిన చోటే తిరిగి టైమ్ అయిపోయి చచ్చేవాళ్లం. పక్కింటికి సెలవులకి గుంటూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఆటలో మాకంటే అధ్వాన్నం. కానీ గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద ఏ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన ప్రపంచంలోనే మళ్లీ మొదలవుతుందని వాడికి తెలుసు. ఎవరు చెప్పారంటే "మా వీధిలో అందరికీ తెలుసు" అన్నాడు. మా వీధిలో ఎవరికీ తెలీదు మరి! ఆ వేసవిలో వాడికి మా ఇంట్లో అందిన మామిడికాయలకి లెక్కలేదు.

3-1 చివర మెట్ల మీద తాబేలు డిప్ప తొక్కుతూ లైఫులు పెంచుకోవడం మాత్రం మా బావ కనిపెట్టాడు, లేదా కనిపెట్టానని చెప్పుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అంతా తొక్కుతూనే ఉన్నాడు. లైఫుల దగ్గర మామూలు అంకెలు పోయి కిరీటంలాంటి గుర్తులొచ్చాయి. ఇక మనకి చావే లేదని లేచి కేకలు పెట్టాడు. తర్వాత మొదటి గుంటలోనే పడ్డాడు, గేమ్ ఓవర్. మేం బిక్కచచ్చిపోయాం. చాలా ఏళ్ల తర్వాత కారణం తెలిసింది. ఆ లెక్క 127 దాటితే రుణసంఖ్యలోకి తిరగబడుతుంది, ఆట దృష్టిలో నీకు ఒక్క లైఫూ మిగల్లేదు. ఈ ముక్క చెప్పడానికి ఆ రోజు తెనాలిలో మాకంటే రెండు గదులు ముందున్నవాడు ఎవడూ లేడు.

సరే, పెద్ద ఉదాహరణ ఒకటి చెప్తాను, నీకు నచ్చుతుంది. సూపర్ మారియో మేకర్ అని 2015లో నింటెండో వాళ్ల వీ యూ అనే గేమ్ యంత్రం మీద వచ్చింది. అందులో ఎవరైనా సొంతంగా లెవెల్ కట్టి పెట్టొచ్చు, షరతు ఒకటే, కట్టినవాడు ముందు తను దాటి చూపించాలి. నువ్వు చచ్చినప్పుడు అదే చోట నీకంటే ముందు చచ్చినవాళ్ల ఎక్స్ గుర్తులు కూడా తెరమీద కనిపిస్తాయి. పక్కన ఎవరూ లేకపోయినా, ఈ గుంటలో నువ్వొక్కడివే పడలేదని తెలుస్తుంది. 2017లో కొందరు ఆటగాళ్లు టీమ్ జీరో పర్సెంట్ అని ఒక గుంపు కట్టారు. లోకంలో ఒక్కరూ దాటని లెవెల్స్‌ని వెతికి దాటడమే వాళ్ల పని. 2021లో కొత్త లెవెల్స్ పెట్టడం ఆగిపోయింది కాబట్టి మిగిలినవి లెక్కకి దొరికాయి. 2024 ఏప్రిల్ 8న సర్వర్లు మూసేస్తామని నింటెండో ప్రకటించేసరికి గడువు కూడా ఖాయమైంది. ఆ ఏడాది మార్చిలో ఒకే ఒక్క లెవెల్ మిగిలింది, ట్రిమ్మింగ్ ద హెర్బ్స్. ఇరవై సెకన్లు కూడా పట్టదు. కానీ ఎవరి వల్లా కాలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, దాన్ని కట్టినవాడు చేత్తో దాటలేదు, బటన్లు నొక్కే పనిని యంత్రం చేత చేయించాడు. మార్చి 22న తనే ఒప్పుకున్నాడు. అంటే అది మనిషి చేత్తో అయ్యే పనో కాదో కూడా ఎవరికీ తెలీదు. లెక్కలోంచి దాన్ని తీసేసి, గుంపు తన పని పూర్తయిందని పండగ చేసుకుంది. కొందరు మాత్రం వదల్లేదు. ఏప్రిల్ 5న, సర్వర్లు పోవడానికి మూడు రోజుల ముందు, ఒకరు చేత్తోనే దాటేశారు. దాటింది ఒక్క చెయ్యే, నిజమే. కానీ ఆ లెవెల్ పేరు అతని దాకా వచ్చిందంటే, మిగతావన్నీ ఏరేసి అది ఒక్కటే మిగిలేదాకా ఏళ్ల తరబడి చచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టే.

అసిస్ట్ మోడ్‌కి వద్దాం. మోసం కాదు. తయారీలో ఉన్నప్పుడు దానికి చీట్ మోడ్ అనే పేరుండేదట, అది బాగాలేదని మార్చారు. పేరు మార్చడం మంచిదే అయింది. నేను దాన్ని వాడమనేది ఒక పద్ధతిలో. వేగం 80 శాతానికి తగ్గించి ఆ ఒక్క గదీ ఆడు, మిగతావేవీ ముట్టుకోకు. నీ వేలు ఎప్పుడు ఏం చేస్తోందో నీకే కనబడుతుంది. పదిసార్లు దాటాక 90, ఆ తర్వాత 100. సంగీతం నేర్చుకునేవాళ్లు వర్ణాన్ని ముందు నెమ్మదిగా పాడి తర్వాత కాలం పెంచుతారు కదా, దాన్ని మోసమని ఎవరూ అనరు. ఒకసారి పెట్టుకుంటే సేవ్ ఫైలు మీద చిన్న ముద్ర పడుతుంది. అది నిన్ను బాధపెట్టేలా ఉంటే ఇంకో ఖాళీ ఫైలులో సాధన చెయ్యి, అంతే. మా గుంపులో మణికట్టు నొప్పి ఉన్న ఒకావిడ డాలస్‌లో ఉంటుంది. ఆమె ఆట మొత్తం గోడ పట్టు తగ్గకుండా, అంటే ఇన్ఫినిట్ స్టామినా పెట్టుకునే ఆడింది. కథ గురించి మా అందర్లోకీ బాగా మాట్లాడేది ఆమే. గోడ పట్టుకునే గ్రాబ్ కీని అదేపనిగా పట్టుకోకుండా ఒకసారి నొక్కితే చాలనే సెట్టింగు కూడా ఉంది, వేళ్లు నొప్పెడితే అది చూడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను, రేపు నిన్నూ ఎవరో అడుగుతారు కాబట్టి. మా మేనకోడలికి పదకొండేళ్లప్పుడు సెలెస్ట్ పెట్టిచ్చాను. మూడో అధ్యాయం హోటల్లో ఒకచోట ఆగిపోయింది. పక్కన కూర్చుని "ఇప్పుడు దూకు, ఇప్పుడు కొట్టు, అబ్బా, లేటు" అని కాసేపు వాగాను. తర్వాత ఉండబట్టలేక "ఇలా ఇవ్వు" అని లాప్‌టాప్ నావైపు తిప్పుకుని దాటేసి తిరిగిచ్చాను. థ్యాంక్స్ మావయ్యా అంది. ఇంకో రెండు నిమిషాలు ఆడి, హోంవర్కుందని లేచిపోయింది. ఆ ఆట మళ్లీ తెరవలేదు. ఆఫీసులో నాకు "ఇంతే" అన్నాయన చేసిందే నేనూ చేశాను, అదీ చిన్నపిల్లకి.

అప్పట్నుంచీ పక్కన కూర్చుంటే చేతులు కట్టుకుని కూర్చుంటాను. అడిగేదాకా మాట్లాడను. అడిగినా ఒకసారికి ఒక్క మాటే చెప్తాను, అదీ చావుకీ చావుకీ మధ్యే, ఆడుతుండగా కాదు. "ఈజీ" అనే మాట నోట రానివ్వను. ఇరుక్కున్నవాడికి ఈజీ అని చెబితే వాడికి రెండు బాధలు, గది రావట్లేదని ఒకటి, ఈజీదే రావట్లేదని ఇంకొకటి. కాసేపు కంట్రోలర్ మార్చుకుని ఆడాలనుకుంటే పాత పద్ధతే మంచిది, చావుకో చెయ్యి. నువ్వు చస్తే నాకు, నేను చస్తే నీకు. అందులో ఎవరు దాటినా ఇద్దరూ దాటినట్టే ఉంటుంది, ఎందుకంటే ముందు పదిసార్లు చచ్చి దారి చూసింది రెండో మనిషి.

పీసీలో ఆడుతున్నావు కాబట్టి ఎవరెస్ట్ అనే మోడ్ లోడర్ (ఆటకి అదనపు చేర్పులు తగిలించే ప్రోగ్రాం) పెట్టుకుని, దాంట్లో సెలెస్ట్‌నెట్ వేసుకుంటే నీ గదిలోనే ఇంకో ఆటగాడు ఆడటం కనిపిస్తుంది. ముందు సేవ్ ఫోల్డర్ కాపీ ఒకటి తీసిపెట్టుకో. మా నలుగురం అలాగే కలుస్తాం, డాలస్ ఆవిడకి పొద్దున, మాకు రాత్రి. నీ పక్కన ఒకడు అదే ముళ్ల మీద పడి పేలిపోతుంటే వచ్చే ధైర్యం వేరు. ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

హాలో నైట్ అనే ఇంకో ఆటలో పాత్ ఆఫ్ పెయిన్ అనే కష్టమైన దారి గురించి కూడా ఒక వాక్యంలో అడిగావు, అది వేరే జవాబు కావాల్సినంత ఉంది. ఇప్పటికి రెండు ముక్కలు. హైవ్‌బ్లడ్ చార్మ్ (పాత్రకి తగిలించే తాయెత్తు) పెట్టుకో, తగిలిన దెబ్బ కాసేపు నిలబడితే దానంతటదే మానుతుంది. రంపాల మీద కత్తి కిందకి కొట్టి ఎగిరేచోట కంట్రోలర్ స్టిక్ వదిలేసి డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) వాడు. స్టిక్ కొంచెం పక్కకి వాలినా దెబ్బ పక్కకి పడుతుంది, నువ్వు రంపం మీద పడతావు. ఇంకా ఒక మాట, దాని చివర పెద్ద బహుమానం ఉంటుందని మాత్రం వెళ్లకు. చిన్న దృశ్యం ఒకటి ఉంటుంది. నాకు అది చాలనిపించింది, మా విశాఖవాడు మాత్రం ఇప్పటికీ తిడతాడు.

ముందు ఇవాళ కీబోర్డు పరీక్ష చెయ్యి. తర్వాత పది చావులు వరసగా రికార్డు చేసి పెట్టు, చేతుల వీడియోతో పాటు. ఆ గదిలోకి ఎటువైపునుంచి వస్తున్నావో, నీ ఉద్దేశంలో ఎన్నో డాష్ ఎక్కడ కొడుతున్నావో రెండు లైన్లు రాయి. నువ్వు రాసినదానికీ క్లిప్‌లో కనిపించేదానికీ తేడా ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది. నేను ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను. ఈలోపు నీ హాస్టల్లో ఈ మధ్యే సమ్మిట్ దాటినవాడు దొరికితే నాకోసం ఆగకు, వాడికే చూపించు.